ఎంబీఏకి ఫీజు కన్నా ముందు గంటలు లెక్కేసుకోండి



పోయిన నెల షార్జాలో ఒక క్యాంపుకి వెళ్లినప్పుడు, మీటింగ్ అయిపోయాక ఒక తమ్ముడు నన్ను పక్కకి పిలిచాడు. నిజామాబాద్ జిల్లా మనిషి. బీకాం చదివాడు. ఒక బిల్డింగ్ కంపెనీ స్టోర్‌లో పని. సిమెంటు ఎన్ని బస్తాలు వచ్చింది, స్టీలు ఎన్ని టన్నులు దిగింది, ఏ సైటుకి ఎంత పోయింది, అంతా ఆయన చేతి మీదనే నడుస్తుంది. వీసాలో మాత్రం ‘హెల్పర్’ అని ఉంటుంది.

"అన్నా, ఆన్‌లైన్ల ఎంబీఏ చేద్దామనుకుంటున్న. ఫోన్ చేసి చెప్పిండ్రు. రెండేండ్లల్ల అయిపోతదట. ఇప్పుడే ఇరవై వేలు కడితే సీటు పక్కా అంటున్నరు. చెయ్యాల్నా, వద్దా?"

ఊళ్లో భార్య, మూడో క్లాసు చదివే బాబు, అంగన్‌వాడీకి పోయే పాప. వీసాకి తెచ్చిన అప్పు ఇంకా లక్షకి పైన ఉంది, రెండు రూపాయల వడ్డీ. ఇలా అడిగేవాళ్లు ఈ మధ్య పెరిగారు కాబట్టి ఆ తమ్ముడితో కూర్చుని చేసిన లెక్కనే ఈ నెల పాఠంగా రాస్తున్నాను. చదవొద్దని చెప్పడానికి కాదు. చదువుకున్నవాళ్లు హెల్పర్ వీసా మీద మగ్గిపోవడం చూసి చూసి నాకే విసుగొచ్చింది. కానీ మధ్యలో ఆగిపోయిన చదువు, దాని కోసం తెచ్చిన కొత్త అప్పు, ఆ రెండూ కలిసి ఒక ఇంటిని ఎలా కుంగదీస్తాయో కూడా చూశాను.

ముందు గంటల లెక్క

"రెండేళ్లలో అయిపోతుంది" అని ఫోన్లో చెప్పేవాడు ఒక మాట దాచిపెడతాడు. ఆ రెండేళ్లు రోజంతా చదువు మీదే ఉండే మనిషికి.

ఇగ్నోనే తీసుకుందాం. 1985లో మొదలైన కేంద్ర ప్రభుత్వ దూరవిద్యా విశ్వవిద్యాలయం ఇది. దీని ఎంబీఏలో మొత్తం 116 క్రెడిట్లు ఉంటాయి. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు అని ఇగ్నోనే చెబుతుంది. పుస్తకం చదవడం, అసైన్‌మెంట్ రాయడం, క్లాసు వినడం, అన్నీ అందులోకే వస్తాయి. అంటే ఒక నాలుగు క్రెడిట్ల పేపరుకి 120 గంటలు. మొదటి సెమిస్టర్‌లో ఏడు పేపర్లు, అంటే ఆరు నెలల్లో 840 గంటలు. వారానికి 32 గంటల పైమాటే. ఇది ఇంకో ఉద్యోగంతో సమానం.

ఇగ్నో ఈ కోర్సుకి కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా నాలుగేళ్లు టైమిస్తుంది. మనలాంటివాళ్లు చూడాల్సింది ఆ నాలుగేళ్ల లెక్కనే. 116ని 30తో గుణిస్తే 3,480 గంటలు. నాలుగేళ్లంటే 208 వారాలు. వారానికి సుమారు 17 గంటలు పడుతుంది.

ఇప్పుడు మన తమ్ముడి వారం చూద్దాం. వారంలో ఉన్నవే 168 గంటలు. డ్యూటీ 48. ఓవర్‌టైమ్ రోజుకి రెండు గంటల చొప్పున 12. క్యాంపు నుంచి సైటుకి బస్సు, పోనూ రానూ రోజుకి రెండున్నర, ఆరు రోజులకి 15. నిద్ర ఏడు గంటల చొప్పున 49. వంట, స్నానం, బట్టలు, తిండి, బాత్రూం దగ్గర లైను, అన్నీ కలిపి రోజుకి మూడు గంటలు వేసినా 21. ఇంటికి ఫోను రోజుకి గంట, 7. సెలవు రోజు మార్కెట్టు, డబ్బు పంపడం, ఊరివాళ్లతో కాసేపు, కాస్త నడుం వాల్చడం, 6. కూడితే 158 అయింది. మిగిలింది పది.

కావాల్సింది పదిహేడు, ఉన్నది పది. తక్కువ పడ్డ ఏడు గంటలు ఎక్కడి నుంచి తీయాలి?

"నిద్రల కెల్లి తీస్త అన్నా" అన్నాడు తమ్ముడు వెంటనే. అందరూ మొదట అదే అంటారు. నేను ఒప్పుకోను. స్టోర్ పని అయినా ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే చోటే కదా నిలబడేది. స్కాఫోల్డింగ్ మీద, క్రేన్ కింద పని చేసేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎండాకాలంలో నిద్ర చాలని మనిషికి వడదెబ్బ తొందరగా తగులుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని యూఏఈలో నిబంధన ఉంది. ఆ రెండున్నర గంటలు నీడలో కూర్చుని చదవచ్చు కదా అని ఒకరు అడిగారు. కొంతమంది చదువుతున్నారు కూడా. నా మాట మాత్రం, అప్పుడు పడుకోండి.

మిగిలింది రెండే చోట్లు. ఒకటి ఓవర్‌టైమ్, ఇంకొకటి ఇంటి ఫోను.

ఓవర్‌టైమ్ సంగతి

మన తమ్ముడి బేసిక్ 1,200 దిర్హాములు. గంటకి ఐదు దిర్హాములు పడుతుంది. ఓవర్‌టైమ్‌కి కనీసం 25 శాతం ఎక్కువ కలపాలి కాబట్టి గంటకి ఆరుంబావు దిర్హాములు. (రాత్రి పది నుంచి తెల్లవారుజామున నాలుగింటి మధ్య చేస్తే 50 శాతం కలపాలి. షిఫ్టుల మీద పనిచేసేవాళ్లకి ఈ రాత్రి రేటు వర్తించదు.) వారానికి ఏడు గంటల ఓవర్‌టైమ్ వదులుకుంటే నెలకి దాదాపు 190 దిర్హాములు పోతాయి. నాలుగేళ్లకి 9,100 దిర్హాములు. మన డబ్బుల్లో రెండు లక్షలు దాటుతుంది.

ఈ లెక్క ఫోన్ చేసినవాడు చెప్పడు, యూనివర్సిటీ బ్రోచర్‌లో ఉండదు. కానీ కూలి మనిషి చదువుకి అసలు ఖర్చు ఇదే. ఫీజు దీని తర్వాతే.

ఇక్కడే ఒక చట్టం సంగతి తెలుసుకోవాలి. యూఏఈ కార్మిక చట్టం, అంటే 2021 నాటి 33వ నంబరు డిక్రీ, రోజుకి ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు పని అంటుంది. కంపెనీ అడిగితే రోజుకి రెండు గంటల వరకు ఓవర్‌టైమ్ చేయించవచ్చు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. తెలియంది దాని పక్కనే ఉన్న మాట: మూడు వారాలకి కలిపి మొత్తం పనిగంటలు 144 దాటకూడదు. 144ని మూడుతో భాగించండి. 48 వస్తుంది. అంటే ఒక వారం అర్జెంటు పని పడి ఎక్కువ చేయిస్తే, తర్వాతి వారాల్లో తగ్గించి సరిచేయాలి. ఏడాది పొడవునా ప్రతి వారం 60 గంటలు చేయించడం చట్టం ఇచ్చిన వెసులుబాటు కాదు.

కాబట్టి "సార్, వారంలో మూడు రోజులు నాకు ఓవర్‌టైమ్ వద్దు" అని అడగడం మర్యాద తప్పడం కాదు, చట్టం లోపలి మాటే. కానీ నిజం కూడా చెప్పుకోవాలి. ఓవర్‌టైమ్ కావాలని మనమే సూపర్‌వైజర్ వెంట పడతాం. అప్పుకి వడ్డీ ఆ డబ్బుతోనే కడుతున్నాం. లక్ష రూపాయల అప్పుకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి రెండు వేలు, ఏడాదికి 24 వేలు. ఆ అప్పు నెత్తిన ఉండగా ఓవర్‌టైమ్ మానేసి చదువుకి కూర్చుంటే, ఆ మనసు పుస్తకం మీద నిలవదు. నా సలహా ఎవరికైనా ఒకటే, ముందు ఆ అప్పు దించుకోండి. చదువు ఒక ఏడాది ఆగితే ఏమీ పాడవదు.

ఇంటిపని చేసే అక్కలకి

అక్కలకి పై చట్టం వర్తించదు. ఇంటిపనివారికి యూఏఈలో వేరే చట్టం ఉంది, 2022 నాటి 9వ నంబరు డిక్రీ. దాని ప్రకారం రోజుకి కనీసం 12 గంటలు విశ్రాంతి ఇవ్వాలి, అందులో కనీసం ఎనిమిది గంటలు మధ్యలో లేపకుండా ఒక్కసారిగా ఇవ్వాలి. వారానికి ఒక రోజు జీతంతో సెలవు. ఆ రోజు పని చేయిస్తే బదులు ఇంకో రోజు సెలవో, డబ్బో ఇవ్వాలి. ఏడాదికి 30 రోజుల సెలవు. పాస్‌పోర్టు, ఐడీ కార్డు మీ దగ్గరే ఉండాలి, యజమాని పెట్టుకోకూడదు. కువైట్‌లో 2015 చట్టం రోజుకి పని 12 గంటలు దాటకూడదంటుంది, ఖతర్‌లో 2017 చట్టం పది గంటలంటుంది. రెండు చోట్లా వారం సెలవు ఉంది.

కాగితం మీద ఇంత ఉంది. అజ్మాన్‌లో ఒక ఇంట్లో పనిచేసే రాజంపేట వైపు అక్క నాతో అన్న మాట వేరు. "నాకు నెలకి రెండు శుక్రవారాలు ఇస్తారు సార్. రాత్రి పిల్లోడు లేస్తే నేనే లేవాల. ఇంక చదువు ఎప్పుడు చదివేది?" ఆమె డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్లి చేసి ఆపేశారు. ఊళ్లో అమ్మమ్మ దగ్గర తొమ్మిదో క్లాసు చదివే కూతురుంది. ఎలాగైనా డిగ్రీ పూర్తిచేసి, ఆ పైన చదవాలని ఆశ.

ఆ అక్కకి నేను యూనివర్సిటీ పేరు చెప్పలేదు. ముందు ఆ రెండు సెలవు రోజుల సంగతి తేల్చుకోమన్నాను. నెలకి నాలుగు రావాల్సింది రెండే వస్తున్నాయంటే, పోయిన రెండూ ఆమె చదువుకునే రోజులే. ముందు మేడమ్‌తో మంచిగా అడగాలి, "నా కాంట్రాక్టులో వారానికి ఒక రోజు ఉంది మేడమ్, నేను చదువుకోవాలనుకుంటున్నా" అని. పరీక్షల కోసం అంటే కొందరు మేడమ్‌లు మెత్తబడతారు, వాళ్లకీ పిల్లలున్నారు కదా. వినకపోతే కార్మిక శాఖ మోహ్రే కాల్ సెంటర్ 600590000కి ఫోన్ చేయవచ్చు. మన కాన్సులేట్ తరఫున నడిచే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 800 46342, దీనికి డబ్బు పడదు. ఏం జరిగినా ఇల్లు వదిలి పారిపోవద్దు. కల్లివెల్లి అయితే చదువు మాట దేవుడెరుగు, జరిమానాలూ కేసులూ మొదలవుతాయి.

పిల్లల ఫోను

ఇక రెండో చోటు, ఇంటికి మాట్లాడే గంట. ఇది రాయడానికి నాకే కష్టంగా ఉంది.

మన దేశం యూఏఈ కన్నా గంటన్నర ముందుంటుంది. క్యాంపుకి ఏడింటికి చేరి, స్నానం చేసి, అన్నం వండుకుని, ఎనిమిదింటికి ఫోను పట్టుకుంటే ఊళ్లో తొమ్మిదిన్నర. పిల్లలు అప్పటికే నిద్రకి తూగుతుంటారు. ఇక్కడ చదువుకి దొరికే గంటా, అక్కడ పిల్లలు మెలకువగా ఉండే గంటా రెండూ ఒకటే. అందుకే చదువు మొదలుపెట్టిన తండ్రి మొదట కోసేది ఆ ఫోనునే. ఎవరూ తిట్టరు, జీతం కోసుకోరు. పాప మాత్రం మూడు నెలలకి "నాన్న రాడు, నాన్న ఫోన్ చేయడు" అనడం నేర్చుకుంటుంది.

ఆ తమ్ముడితో నేను ఒక మాట అన్నాను. బాబు హోంవర్కు టైమూ, నీ అసైన్‌మెంట్ టైమూ ఒకటి చేసి చూడు. వీడియో కాల్ పెట్టి, వాడు అక్కడ ఎక్కాలు రాస్తాడు, నువ్వు ఇక్కడ నోట్సు రాసుకో. మాట్లాడాల్సిన పని లేదు. సెలవు రోజు పొద్దున అరగంట ఇలా కూర్చుంటే చాలు. ఇది చదువుగా పెద్దగా లెక్కకి రాదు, అరగంటలో పది పేజీలు కూడా అవవు. కానీ బాబుకి నాన్న ఏం చేస్తున్నాడో కనబడుతుంది.

బస్సులో పోయే రెండున్నర గంటల్లో ఒక గంటైనా చదువుకి వాడుకోవచ్చు. రాయలేం, కానీ వినవచ్చు. పాఠాన్ని మీ గొంతుతోనే తెలుగులో చదివి ఫోన్లో రికార్డు చేసుకుని, పొద్దున బస్సులో వినే ఒక అన్న నాకు తెలుసు. పక్క సీట్లోవాళ్లు మొదట నవ్వారట, ఇప్పుడు వాళ్లే ఇయర్‌ఫోన్ ఒకటి అడుగుతున్నారట.

పరీక్షలు, సెలవు

ఇగ్నో పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో. అసైన్‌మెంట్లకి 30 శాతం, పరీక్షకి 70 శాతం. పరీక్ష ఎక్కడ రాయాలి అన్నది చేరకముందే అడిగి తెలుసుకోవాలి. మీరున్న ఊళ్లో కేంద్రం ఉందా, ఉంటే ఫీజు రూపాయల్లోనా డాలర్లలోనా, లేదా ఊరికి వెళ్లే రాయాలా. ఆన్‌లైన్ కోర్సుల్లో కొన్ని యూనివర్సిటీలు కెమెరా ముందు కూర్చోబెట్టి పరీక్ష పెడతాయి. ఆరుగురు ఉండే రూంలో కెమెరా ముందు మూడు గంటలు ఎవరూ అటూ ఇటూ తిరగకుండా ఎలా, అది ఇప్పుడే ఆలోచించుకోండి.

సెలవు దగ్గర చాలామంది మోసపోతున్నారు. ఎవరూ మోసం చేయట్లేదు, చట్టాన్ని సగం చదివి మనమే మోసపోతున్నాం. యూఏఈ చట్టం 32వ అధికరణంలో పరీక్షలకి ఏడాదికి పది పనిరోజుల సెలవుంది. అది నిజమే. కానీ రెండు షరతులున్నాయి. ఆ కంపెనీలో రెండేళ్ల సర్వీసు ఉండాలి. చదివే సంస్థ యూఏఈలో గుర్తింపు పొందినదై ఉండాలి. ఇండియా యూనివర్సిటీలో చేరి ఈ సెలవు నా హక్కు అని హెచ్.ఆర్. దగ్గరికి పోతే తిప్పి పంపుతారు. వాళ్లు ఇష్టపడి ఇస్తే వేరే మాట.

సౌదీలో ఉన్నవాళ్లకి ఇంకో రకం. అక్కడి కార్మిక చట్టం 115వ అధికరణం ప్రకారం కంపెనీ ఒప్పుకోలుతో చదువులో చేరితే, పరీక్షల రోజులకి జీతంతో సెలవు ఇవ్వాలి. ఫెయిలై అదే ఏడాది మళ్లీ రాస్తే జీతం ఉండదు. ఒప్పుకోలు లేకుండా చేరితే కూడా పరీక్ష రాసే రోజులకి సెలవు తీసుకోవచ్చు, కానీ అది ఏడాది సెలవులో కోత పడుతుంది, సెలవు లేకపోతే జీతం కోత. పదిహేను రోజుల ముందే అర్జీ ఇవ్వాలి. కాబట్టి సౌదీలో ఉన్నవాళ్లు చేరకముందే కంపెనీ దగ్గర కాగితం మీద ఒప్పుకోలు తీసుకోవడం మంచిది, నోటి మాట చాలదు. సౌదీలో ఇంటిపనివారికి ఈ చట్టం వర్తించదు, వాళ్లకి నిబంధనలు వేరు.

మిగిలింది ఏడాది సెలవు, 30 రోజులు. దాన్ని పరీక్షల నెలకి జరుపుకోవచ్చు. పని అవసరాన్ని బట్టి తేదీలు కంపెనీ పెడుతుంది కాబట్టి నాలుగైదు నెలల ముందే అడగాలి. కానీ ఆలోచించండి. రెండేళ్లకి ఒకసారి ఊరికి పోయేవాడు ఆ నెల రోజులూ ఇంటి అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చుంటే, ఆ సెలవు పిల్లలది ఎలా అవుతుంది? నా సలహా, ఒక సెలవులో రెండు, మూడు పేపర్లకి మించి పెట్టుకోవద్దు. అవి కూడా మొదటి రెండు వారాల్లో పడేట్టు చూసుకోండి. మిగిలిన రోజులు ఇంటివాళ్లవి.

ఫోన్ చేసినవాడు ఎవడు?

"ఇరవై వేలు కడితే సీటు పక్కా" అన్న మనిషి యూనివర్సిటీ మనిషి కాదు, కమిషన్ మనిషి. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులని యూనివర్సిటీ తనే నడపాలి, ఫ్రాంచైజీకి ఇవ్వకూడదు. కాబట్టి ఏజెంటుకి, ఆయన సొంత గూగుల్ పే నంబరుకి ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఫీజు యూనివర్సిటీ పోర్టల్‌లోనే కట్టాలి. "నెలకి కొంచెం కొంచెం ఈఎంఐ" అంటారు. కాగితం చదివితే అది ఫీజు వాయిదా కాదు, ఫైనాన్స్ కంపెనీ నుంచి మీ పేరు మీద తీసిన అప్పు అయి ఉంటుంది. మీరు చదువు మానేసినా అది ఆగదు.

ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకి, ఈ ఏడాదికి అనుమతి ఉందా అన్నది యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో చూడండి. యూనివర్సిటీకి పేరున్నంత మాత్రాన దాని ప్రతి ఆన్‌లైన్ కోర్సుకీ అనుమతి ఉన్నట్టు కాదు. అనుమతి ఉన్న కోర్సు డిగ్రీ, రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో స్పష్టంగా చెప్పింది. 2024 నుంచి ఈ కోర్సుల్లో చేరాలంటే ‘డెబ్ ఐడీ’ అనే నంబరు కూడా తీసుకోవాలి. దానికి ఆధార్, డిజిలాకర్ కావాలి, ఓటీపీ మీ ఇండియా సిమ్‌కి వస్తుంది. ఆ సిమ్ రీచార్జి లేక పోయినవాళ్లు ఎంతమందో! ఊరికి పోయినప్పుడు ముందు ఆ పని చూసుకోండి.

మూడేళ్ల డిగ్రీ తర్వాత "ఆరు నెలల్లో ఎంబీఏ, పాత డేటు వేసి ఇస్తాం" అంటే అది దొంగ సర్టిఫికెట్. ఇక్కడ అలాంటి కాగితం చూపించడం నేరం, జైలు, తర్వాత దేశం నుంచి పంపించేయడం. కమిషన్ తీసుకున్నవాడు ఊళ్లో బాగానే ఉంటాడు.

తీరా మన తమ్ముడి సంగతి

లెక్కంతా అయ్యాక నేను ఆయన్ని ఒకటి అడిగాను. "నీ బీకాం సర్టిఫికెట్ అటెస్టేషన్ చేయించావా?"

చేయించలేదు. ఒరిజినల్ ఊళ్లో బీరువాలో ఉందట. హెల్పర్ వీసాకి ఎవరూ అడగలేదు కాబట్టి తీయలేదు.

యూఏఈలో మోహ్రే ఉద్యోగాలని స్కిల్ లెవెల్స్‌గా విడదీస్తుంది. మొదటి ఐదు లెవెల్స్ స్కిల్డ్ కింద లెక్క. స్కిల్డ్ కావాలంటే సెకండరీకి పైన చదివిన సర్టిఫికెట్ ఉండాలి, అది అటెస్ట్ అయి ఉండాలి, జీతం 4,000 దిర్హాములకి తగ్గకూడదు. భార్యాపిల్లల్ని వీసా మీద తెచ్చుకోవాలన్నా 4,000 జీతం, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఉండాలి. మన తమ్ముడు చేసే పని స్టోర్‌కీపర్ పని, ఆయన దగ్గర డిగ్రీ ఉంది. ఎంబీఏ కోసం నాలుగేళ్లు ఆగాల్సిన పని లేకుండా, ఉన్న డిగ్రీతోనే హోదా మార్చమని ఇప్పుడే అడగవచ్చు. ఈ కంపెనీ ఇవ్వకపోతే ఆ అటెస్టేషన్ కాగితంతో వేరే చోట ప్రయత్నించవచ్చు.

అటెస్టేషన్ వరుస ఇది: ముందు రాష్ట్ర ప్రభుత్వం దగ్గర, తర్వాత కేంద్ర విదేశాంగ శాఖ, తర్వాత ఇండియాలో ఉన్న యూఏఈ ఎంబసీ, చివరికి ఇక్కడి విదేశాంగ శాఖ. యూఏఈ అపోస్టిల్ ఒప్పందంలో లేదు కాబట్టి అపోస్టిల్ ముద్ర ఒక్కటే ఇక్కడ పనికిరాదు. ఏజెన్సీకి ఇస్తే ఒరిజినల్ ఇచ్చినట్టు రసీదు తప్పకుండా తీసుకోండి.

అందరికీ ఈ దారి కుదరదు, ఒప్పుకుంటాను. టెన్త్‌తో ఆగిన మేస్త్రీ అన్నకి ఎంబీఏ మాట ఇప్పుడు దూరం. ఆయనకి ఎన్ఐఓఎస్‌లో ఇంటర్, లేదా తన పనిలోనే ట్రేడ్ సర్టిఫికెట్ ముందు అక్కరకొస్తాయి. రాజంపేట అక్కకి ముందు డిగ్రీ పూర్తి కావాలి. 1982లో మొదలైన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ తెలుగు మీడియంలో ఉంది. ఎంబీఏ పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి, తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఒక పేజీకి పట్టే టైము రెట్టింపు అవుతుంది. నా గంటల లెక్కలో అది కలపలేదు.

అయినా చదవాలనే ఉంటే, ఒక్క రూపాయి కట్టకముందు ఒక పరీక్ష పెట్టుకోండి. ఇగ్నో పాఠాలు ఈ-జ్ఞానకోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎంబీఏ మొదటి సెమిస్టర్‌లో ఒక పేపరు పాఠాలు ఫోన్లోకి దించుకోండి. నాలుగు వారాలు చదవండి. ఏ రోజు ఎన్ని గంటలు చదివారో, ఆ రోజు ఎన్ని గంటలు పడుకున్నారో, పిల్లలతో ఎంతసేపు మాట్లాడారో మూడూ ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. స్వయం పోర్టల్‌లో కూడా పన్నెండు వారాల కోర్సులు ఉచితంగా చేయవచ్చు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు.

మన తమ్ముడు నాలుగు వారాలు రాసుకుని వచ్చాడు. మొదటి వారం పన్నెండు గంటలు, రెండో వారం తొమ్మిది, మూడో వారం స్లాబ్ కాంక్రీట్ పడి మూడు గంటలే, నాలుగో వారం ఎనిమిది. సగటున ఎనిమిది. పదిహేడు కాదు. నోట్‌బుక్ నాకిచ్చి, "ఇప్పుడు వద్దన్నా. అప్పు తీరినంక చూస్త" అన్నాడు. ఇరవై వేలు కట్టలేదు. వాళ్లావిడ బీరువాలోంచి బీకాం సర్టిఫికెట్ తీసి ఫోటో పంపింది. మూలన కొంచెం చెదలు పట్టింది, కానీ పేరు, నంబరు, ముద్ర బాగానే కనబడుతున్నాయి. వచ్చే వారం వాళ్ల బామ్మర్ది దాన్ని హైదరాబాద్ తీసుకుపోతున్నాడు.

ఆదివారం పొద్దున ఆ అరగంట మాత్రం ఆపలేదట. బాబుకి ఏడో ఎక్కం వచ్చేసిందని చెప్పాడు.